2011 వ్యాగన్ ఆర్‌కు బ్రేకులు మార్చాలంటే 14,900 రూపాయలా, 1,900 రూపాయలా?

ప్రశ్న: గుంటూరు మాస్టారు

అందరికీ నమస్కారం. మాది 2011 సెప్టెంబరులో రిజిస్టరైన మారుతి వ్యాగన్ ఆర్. పెట్రోలు బండి, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని మోడల్, ఇప్పటికి 92,400 కిలోమీటర్లు తిరిగింది. ముందు చక్రాలకు ప్యాడ్లు నొక్కి ఆపే డిస్కులు, వెనుక చక్రాలకు లోపలి నుంచి షూలు నొక్కి ఆపే డ్రమ్ములు ఉన్నాయి. నెల రోజుల క్రితం ఉదయం పూట బండి తీయగానే బ్రేకు వేస్తే కీచుమనే శబ్దం వచ్చేది. కొంత దూరం నడిచాక అది తగ్గిపోతుండటంతో రాత్రి మంచు తడి వల్ల కాబోలు అనుకుని ఊరుకున్నాను. పది రోజులుగా మాత్రం ముందు ఎడమ చక్రం దగ్గర ఇనుము ఇనుముతో రాసుకుంటున్నట్లు గరగరమంటోంది. పెడల్ కూడా మునుపటి కంటే కాస్త లోపలికి దిగుతోంది.

కంపెనీ సర్వీస్ సెంటరులో చూపిస్తే చక్రాలు విప్పకుండానే ఒక అంచనా కాగితం చేతికిచ్చారు. ముందు ప్యాడ్లకు 1,900, రెండు డిస్కులకు 4,400, వెనుక బ్రేక్ షూలకు 1,500, రెండు డ్రమ్ములకు 3,600, బ్రేక్ ఆయిల్‌కు 400, శుభ్రం చేసే ప్యాకేజీకి 900, లేబర్‌కు 2,200 కలిపి మొత్తం 14,900 రూపాయలని అందులో రాశారు. మా వీధి చివర షెడ్డు నడిపే మెకానిక్ మాత్రం 900 రూపాయల ప్యాడ్లు వేసి, 400 లేబర్ తీసుకుని, డిస్కులకు లేత్ పట్టించడానికి (యంత్రం మీద పైపొర చెక్కి నునుపు చేయించడానికి) మరో 600 అయితే చాలని, 1,900తో పని ముగుస్తుందని అంటున్నాడు.

ఒకే బండికి, ఒకే జబ్బుకు ఇద్దరు చెప్పిన ఖర్చుల మధ్య 13,000 రూపాయల తేడా ఎలా వస్తుందో నాకు బోధపడటం లేదు. పదిహేనేళ్లు నిండబోతున్న బండి మీద ఇంత పెట్టడం సబబా అని ఇంట్లో అడుగుతున్నారు. వచ్చే నెలలో మా అత్తగారిని, పిల్లలను తీసుకుని వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాము కనుక నల్లమల ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకుల గురించి భయం లేకుండా ఉండాలన్నది నా కోరిక. నిజంగా ఏవి మార్చాలి, ఏవి అక్కర్లేదు, న్యాయమైన ఖర్చు ఎంత అన్నది అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1: ఆటోనగర్ షెడ్డు

మాస్టారూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా చిన్న కార్ల పనే చేస్తున్నాను. ముందుగా ఒక మాట చెబుతాను, దాన్ని మాత్రం వాయిదా వేయకండి. ఇనుము రాసుకునే శబ్దం వస్తోందంటే ప్యాడ్ మీద ఉండే రాపిడి పదార్థం పూర్తిగా అరిగి, దాని వెనుక ఉండే ఉక్కు పలక డిస్కును గీకుతోందన్నమాట. మొదట మీరు విన్న కీచుశబ్దం బహుశా చాలా ప్యాడ్లకు ఉండే చిన్న రేకు చేసిన హెచ్చరిక. ప్యాడ్ అరిగినప్పుడు ఆ రేకు డిస్కుకు తగిలి కూస్తుంది. ఆ దశలోనే వచ్చి ఉంటే ప్యాడ్లతో సరిపోయేదేమో. ఇప్పుడు డిస్కు కూడా దెబ్బతిని ఉండే అవకాశం ఎక్కువ. శ్రీశైలం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ వారంలో బండిని ఊళ్లో కూడా అవసరానికి మించి తిప్పకండి.

ఇక మీకు వచ్చిన రెండు అంచనాల్లోనూ ఉన్న లోపం ఒక్కటే. ఇద్దరూ చక్రం విప్పి చూడలేదు. సర్వీస్ సెంటరు వారు కిలోమీటర్లను చూసి మార్చదగినవన్నీ రాశారు, మీ వీధి మెకానిక్ శబ్దం విని ప్యాడ్ల వరకే ఆలోచించాడు. బ్రేకుల ఖర్చు కిలోమీటర్లను బట్టి గానీ, శబ్దాన్ని బట్టి గానీ తేలదు. నాలుగు చక్రాలూ విప్పి, కొలిచి చూస్తేనే తేలుతుంది.

కొలవడం పెద్ద విద్యేమీ కాదు. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, అది 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయడం మంచిది. డిస్కు ఎంత వరకు అరగవచ్చో తయారీదారులే కనీస మందంగా దాని మీద అచ్చు గుద్ది ఉంచుతారు. తుప్పు పట్టి ఉంటే వైరు బ్రష్‌తో రుద్దితే అంకె కనిపిస్తుంది. కొలిచిన మందం ఆ అంకె కంటే తక్కువగా ఉంటే డిస్కు మార్చాల్సిందే, ఎక్కువగా ఉండి, ఉపరితలం నునుపుగా ఉంటే మార్చమనడానికి కారణం లేదు. డ్రమ్ముకు గరిష్ఠ వ్యాసం అలాగే గుద్ది ఉంటుంది. నా అనుభవంలో చిన్న కార్ల వెనుక డ్రమ్ములు లక్ష కిలోమీటర్లు దాటినా చాలాసార్లు బాగానే ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి అసలు శ్రమంతా ముందు చక్రాలదే. అందువల్ల మీ అంచనాలో ఉన్న 3,600 రూపాయల డ్రమ్ములను కొలతలు చూపించకుండా ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

అసలు విషయం మరొకటి ఉంది. ఒక్క ఎడమ చక్రమే ఎందుకు అరిగిందన్నది మీ మెకానిక్ అడగవలసిన ప్రశ్న. ఈ బండ్లలో కాలిపర్, అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం, రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారుతూ ఉండాలి. రబ్బరు బూటు చిరిగి నీళ్లు, దుమ్ము లోపలికి పోతే ఆ పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. అప్పుడు ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ వైపున్న లోపలి ప్యాడ్ ఒక్కటే పని అంతా చేస్తూ అరిగిపోతుంది, బయటి ప్యాడ్ మాత్రం కొత్తదానిలా ఉంటుంది. చక్రం రంధ్రాల్లోంచి తొంగి చూస్తే కనిపించేది బయటి ప్యాడే కాబట్టి ఇంకా చాలా ఉందని చాలామంది మోసపోతారు. పిన్ను సంగతి చూడకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అదే దారిన పోతాయి, కొన్ని నెలలకు మళ్లీ అదే ఖర్చు. రబ్బరును పాడు చేయని సిలికాన్ గ్రీజు రాసి పిన్నులు చేతితో తేలికగా కదిలేలా చేయడానికి పట్టే ఖర్చు రెండు మూడు వందలు మాత్రమే. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ బిగుసుకుంటుంది.

ప్యాడ్లు గానీ డిస్కులు గానీ ఒక పక్కన మాత్రమే మార్చించవద్దు. మీ బండికి ఏబీఎస్ లేదు. కుడి ఎడమల పట్టు సమానంగా లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది, తడి రోడ్డు మీద అది ప్రమాదం. ఇంకో మాట, పని చేసేటప్పుడు దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదనివ్వకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మా షెడ్డులో కుర్రాళ్లకు నేను తడిపి తుడవడమే నేర్పాను.

జవాబు 2: పద్మ, సికింద్రాబాద్

మాస్టారు గారూ, మెకానిక్ గారు చెప్పినదానికి బ్రేక్ ఆయిల్ గురించి నేను రెండు మాటలు చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే ఘాట్ రోడ్డు మీద నాకు ఎదురైన భయం మరొకరికి ఎదురుకాకూడదు. మూడేళ్ల క్రితం మా పాత ఆల్టోకు కొత్త ప్యాడ్లు వేయించాను కానీ, ఖర్చు తగ్గుతుందని ఆయిల్ మార్చవద్దన్నాను. బండి కొన్న నాటి నుంచి అది ఎప్పుడూ మార్చినట్లు లేదు, ముదురు టీ డికాక్షన్ రంగులో ఉంది. ఆ తర్వాత తిరుమల నుంచి దిగేటప్పుడు, గేరు తగ్గించడం తెలియక, వంపు వంపుకూ బ్రేకు మీదే ఆధారపడ్డాను. సగం దిగేసరికి పెడల్ మెత్తగా స్పంజిలా అయిపోయి, రెండుసార్లు పంపు చేస్తే గానీ పట్టు దొరకలేదు. వెనుక సీటులో మా నాన్నగారు ఉన్నారు. ఎలాగో మొదటి గేరులో పక్కకు తీసి, ముప్పావు గంట ఆపి, చల్లారాక నెమ్మదిగా దిగాము.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరిన కొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3 అనేదానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థాయి కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలన్నది ప్రమాణం, తేమ పట్టాక అది 140కి దిగిపోవచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి, మన కాలి ఒత్తిడి ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ పూర్తిగా మార్పించి, గొట్టాల్లో చేరిన గాలి తీయించుకోవాలి. ఆ 400 రూపాయల దగ్గర మాత్రం దయచేసి వెనుకాడకండి. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఏ రకం వాడాలో రాసి ఉంటుంది, దాన్ని చూసే కొనండి. డాట్ 5 అని అమ్మేది సిలికాన్ రకం, మన బండ్లలో ఉన్న ఆయిల్‌తో అది కలవదు.

దిగేటప్పుడు ఏ గేరులో ఆ ఎత్తు ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలని మా డ్రైవింగ్ స్కూలులో ఎవరూ చెప్పలేదు. అది తెలిసి ఉంటే పాత ఆయిల్‌తో కూడా బహుశా గట్టెక్కేవాళ్లం.

జవాబు 3: స్పేర్స్ కౌంటర్

నేను రాణిగంజ్‌లో విడిభాగాల దుకాణంలో పన్నెండేళ్లు పనిచేశాను. ధరల్లో తేడా ఎక్కడి నుంచి వస్తుందో చెప్పగలను. ఒకే బండికి ప్యాడ్లు మూడు దారుల్లో దొరుకుతాయి. మొదటివి కారు కంపెనీ పేరుతో వచ్చేవి. రెండోవి కార్ల కంపెనీలకు సరుకు ఇచ్చే తయారీదారులు తమ సొంత పేరుతో బజారులో అమ్మేవి, చెన్నైలోని బ్రేక్స్ ఇండియా, రాణే వంటి సంస్థలు ఈ కోవలోకి వస్తాయి. ఈ రెండో రకం నాణ్యతలో తీసిపోదు, ధరలో మాత్రం కొంత తగ్గుతుంది. మూడోవి పేరు లేనివి, లేదా పేరున్నవాటి డబ్బాను అచ్చం పోలి ఉండే నకిలీవి. 900 రూపాయల ప్యాడ్లు ఈ మూడింటిలో ఏవో మీరు కళ్లతో చూసి తెలుసుకోవాలి. పేరు లేని ప్యాడ్లు కొన్ని చల్లగా ఉన్నప్పుడు బాగానే పట్టి, వేడెక్కితే గాజులా నున్నబడి జారిపోతాయి, మరికొన్ని మరీ గట్టిగా ఉండి డిస్కును తినేస్తాయి. వెయ్యి రూపాయలు మిగిల్చుకోబోయి మూడు వేల డిస్కును పోగొట్టుకున్నవారిని కౌంటర్ దగ్గర లెక్కలేనంతమందిని చూశాను.

డబ్బా మీద పార్ట్ నంబరు, తయారీ నెల, గరిష్ఠ చిల్లర ధర స్పష్టంగా అచ్చయి ఉండాలి. ప్యాడ్ వెనుక ఉక్కు పలక మీద కూడా బ్యాచ్ నంబరు ఉండాలి. జీఎస్టీ బిల్లు తప్పనిసరిగా అడగండి, బిల్లు ఇవ్వడానికి తటపటాయించే చోట బ్రేకు సామాను కొనకండి. వాహన విడిభాగాల మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 1,280 ఉన్న వస్తువు ఇప్పుడు 1,180కి రావాలి. పాత నిల్వ డబ్బా మీద పాత ధర ఉండవచ్చు, కాబట్టి ఆ తేడా బిల్లులో తగ్గించారో లేదో చూసుకోండి.

గుంటూరు మాస్టారు

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆటోనగర్ మెకానిక్ గారికి ఒక చిన్న సందేహం. డిస్కులు గీతలు పడి ఉంటే, మా వీధి మెకానిక్ చెప్పినట్లు 600 రూపాయలతో లేత్ పట్టిస్తే సరిపోదా? కొత్తవాటికి మూడు నాలుగు వేలు పెట్టడం ఎందుకు?

ఆటోనగర్ షెడ్డు

లేత్ పట్టడం తప్పు పని కాదు మాస్టారూ, కానీ దానికి లెక్క ఉంది. గీత లోతు పోయేదాకా రెండు పక్కలా చెక్కాలి, చెక్కిన తర్వాత కూడా మందం ఆ అచ్చు అంకె కంటే ఎక్కువగా మిగలాలి. 92,000 కిలోమీటర్లు తిరిగిన డిస్కుకు అంత మందం మిగిలి ఉండటం అరుదు. పలచబడిన డిస్కు త్వరగా వేడెక్కుతుంది, బ్రేకు వేసినప్పుడు పెడల్ వణుకుతుంది, ఘాట్‌లో పగలవచ్చు కూడా. చిన్న కార్ల డిస్కులు ఖరీదైనవి కావు కాబట్టి, మందం బొటాబొటీగా ఉంటే కొత్తవి వేయించుకోవడమే నా సలహా. మందం ధారాళంగా ఉంటే మాత్రం ఆ 600తోనే సంతోషంగా పని ముగించుకోండి. మీరు ఇటు రాదలచుకుంటే, షెడ్డు ఏదైనా సరే, విప్పిన తర్వాత కొలతలు మీ ముందు తీసి, మీరు ఊ అన్నాకే సామాను తెచ్చే చోటికి వెళ్లండి.

జవాబు 4: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

బండి వయసు గురించి ఇంట్లో అడుగుతున్నారని రాశారు కనుక చెబుతున్నాను. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. రవాణా శాఖ కార్యాలయంలో తనిఖీ చేయించుకుంటే మరో 5 ఏళ్లకు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం నిర్ణయించిన రుసుము కారుకు 5,000 రూపాయలు, రాష్ట్రం వేసే పన్ను అదనం. మీ బండికి ఆ గడువు 2026 సెప్టెంబరు. ఆ తనిఖీలో బ్రేకులనూ పరీక్షిస్తారు. కాబట్టి ఇప్పుడు సరిగ్గా చేయించిన పని అప్పుడు మళ్లీ చేయించనక్కర్లేదు. బండిని ఉంచుకోదలచుకుంటే ఇది ఎలాగూ పెట్టవలసిన ఖర్చే. అమ్మదలచుకున్నా, బ్రేకులు చెడిన బండిని తెలిసి మరొకరి చేతిలో పెట్టలేం కదా. బీమా నుంచి దీనికి ఏమీ రాదు, అరుగుదలను సమగ్ర పాలసీలు కూడా భరించవు.

గుంటూరు మాస్టారు

నిన్న ఆదివారం బండిని జాగ్రత్తగా నడుపుకుంటూ ఆటోనగర్‌కు తీసుకెళ్లాను. ఉదయం తొమ్మిదిన్నరకు విప్పడం మొదలుపెడితే మధ్యాహ్నం రెండున్నరకు పని పూర్తయింది. నాలాగే తికమకపడే వారికి పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఎడమ చక్రం లోపలి ప్యాడ్ మీద రాపిడి పదార్థం పూర్తిగా పోయి, ఉక్కు పలకే మిగిలింది. అదే చక్రం బయటి ప్యాడ్ మీద ఇంకా 6 మిల్లీమీటర్లు ఉంది. ఇక్కడ మెకానిక్ గారు చూడకుండానే చెప్పినట్లు, కాలిపర్ కింది పిన్ను తుప్పు పట్టి కదలకుండా ఉంది. రబ్బరు బూటు చిరిగిపోయింది. ఎడమ డిస్కు మీద వేలితో తడిమితే తెలిసేంత గాడి పడింది, మందం అచ్చు అంకె కంటే తక్కువకు వచ్చింది. కుడి డిస్కు బొటాబొటీగా ఉంది. రెండూ మార్చడానికి ఒప్పుకున్నాను. పాత ప్యాడ్‌ను ఇంటికి తెచ్చి మా అబ్బాయికి చూపించాను.

వెనుక డ్రమ్ములు రెండూ పరిమితి లోపలే ఉన్నాయి, అంటే 3,600 రూపాయల డ్రమ్ములు నిజంగానే అవసరం లేదు. అయితే ఎవరూ ఊహించనిది ఒకటి బయటపడింది. కుడి వెనుక చక్రంలో షూలను డ్రమ్ముకు నెట్టే వీల్ సిలిండరు నుంచి బ్రేక్ ఆయిల్ సన్నగా కారి షూ తడిసి ఉంది. పెడల్ లోపలికి దిగడానికి ప్యాడ్ల అరుగుదలతో పాటు ఇదీ కారణమేనన్నారు. ఆయిల్ పీల్చుకున్న షూను ఎంత కడిగినా పట్టు రాదని చెప్పగా, షూల సెట్టు, రెండు వీల్ సిలిండర్లు వేయించాను. ఈ కారడం గురించి సర్వీస్ సెంటరు కాగితంలోనూ లేదు, వీధి మెకానిక్ మాటలోనూ లేదు. 14,900 పెట్టినా, 1,900 పెట్టినా ఇది అలాగే ఉండిపోయేదేమోనన్న ఆలోచనకు నిజంగా ఒళ్లు జలదరించింది.

బిల్లు ఇలా వచ్చింది. తయారీదారు సొంత పేరుతో ఉన్న ప్యాడ్లకు 1,450, రెండు డిస్కులకు 3,300, షూలకు 1,050, రెండు వీల్ సిలిండర్లకు 840, పిన్ను బూట్లకు, గ్రీజుకు 250, ఒక లీటరు బ్రేక్ ఆయిల్‌కు 380, నాలుగు చక్రాల లేబర్‌కు, గాలి తీసినందుకు 1,800 కలిపి 9,070 రూపాయలు అయింది. విప్పక ముందు ఎవరైనా 9,000 అని చెప్పి ఉంటే, వీధి షెడ్డు 1,900తో పోల్చుకుని దోపిడీ అనే అనుకునేవాడిని.

వచ్చేటప్పుడు మంగళగిరి దాకా మెల్లగా, తర్వాత ఖాళీ రోడ్డు మీద వేగం తగ్గిస్తూ పెంచుతూ వచ్చాను. కొత్త ప్యాడ్లు డిస్కుతో సర్దుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు హఠాత్తుగా గట్టి బ్రేకులు వేయకుండా నడపమన్నారు. ఇంటికి చేరాక, చేయి తగలకుండా ఒక్కో చక్రం దగ్గర పెట్టి చూస్తే రెండు ముందు చక్రాల వేడి సమానంగానే ఉంది. వారం తర్వాత చక్రాల నట్లు మరోసారి బిగింపు చూపించుకోవడానికి, ఆయిల్ మట్టం చూసుకోవడానికి వెళ్తాను. శ్రీశైలం ప్రయాణం రెండు వారాలు వెనక్కి జరిపాము. ఈలోగా పద్మ గారు చెప్పినట్లు ఎక్కిన గేరులోనే దిగడం కొండవీడు ఘాట్ మీద సాధన చేస్తాను.